మనోరహస్యాన్వేషి అలెన్ న్యూవెల్

మానవుడు తన బుద్ధిబలంతో నక్షత్రాల దూరాలను కొలిచాడు. పరమాణువు గర్భాన్ని శోధించాడు. సముద్రాల అడుగున దాగిన పర్వతాలకు పటాలు గీశాడు. అయితే ఇన్నింటిని తెలుసుకొన్న ఆ బుద్ధి ఏ విధంగా పనిచేస్తుందన్న ప్రశ్నకు మాత్రం చాలాకాలం శాస్త్రీయమైన సమాధానం లభించలేదు. తత్త్వవేత్తలు దానిని చర్చించారు. కవులు వర్ణించారు. ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో కంప్యూటర్ అవతరించిన తరువాత, ఆ పాత ప్రశ్నను కొందరు కొత్త పద్ధతిలో అడగడం ప్రారంభించారు. ఆలోచన అంటే ఏమిటో మనకు నిజంగా తెలిసి ఉంటే, దానిని యంత్రం చేత చేయించి చూపగలగాలన్నది వారి వాదం. అట్లా వాదించడమే కాక చేసి చూపిన తొలి శాస్త్రవేత్తలలో అగ్రగణ్యులు అమెరికాకు చెందిన ఆచార్య అలెన్ న్యూవెల్. కృత్రిమ మేధస్సు అనే శాస్త్రశాఖకు పునాదులు వేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఒకే ప్రశ్నను విడువకుండా వెంబడించిన ఆయన జీవితం, పరిశోధన అంటే ఏమిటో తెలుసుకోదలచిన విద్యార్థులకు ఒక పాఠం వంటిది.

బాల్యం – విద్యాభ్యాసం

అలెన్ న్యూవెల్ 1927 మార్చి 19న కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించారు. తండ్రి రాబర్ట్ న్యూవెల్ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో రేడియాలజీ ఆచార్యులు. ఆయన విద్వాంసుడే కాక చేతిపనులలోనూ నేర్పరి. సియెర్రా పర్వతాలలో దుంగలతో ఒక ఇల్లు నిర్మించుకొన్నారు. వేసవి రోజులు ఆ కుటుంబం అక్కడ గడిపేది. ఆ కొండలలో, అడవులలో తిరుగుతూ పెరిగిన బాలుడికి పెద్దయ్యాక అటవీ రక్షకుడు కావాలన్న కోరిక కలిగిందే కాని శాస్త్రవేత్త కావాలన్న ఊహ కలగలేదు. లోవెల్ ఉన్నత పాఠశాలలో చదివే రోజులలో నోయెల్ మెకెన్నాతో ఏర్పడిన పరిచయం 1947లో వివాహానికి దారితీసింది. ఆ దాంపత్యం 45 సంవత్సరాలు, ఆయన తుదిశ్వాస విడిచేవరకు నిలిచింది.

రెండో ప్రపంచయుద్ధం ముగిసే కాలంలో న్యూవెల్ అమెరికా నౌకాదళంలో చేరారు. 1946లో పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవులలో అణుబాంబు పరీక్షలు జరిగినప్పుడు, శాస్త్రజ్ఞులను తీసుకొనివెళ్ళిన నౌకలో ఆయన పనిచేశారు. పేలుళ్ళ తరువాత ఆ దీవుల పరిసరాలలో రేడియోధార్మికత ఎక్కడ ఎంత వ్యాపించిందో తెలిపే పటాలు గీయడం ఆయనకు అప్పగించిన బాధ్యత. పంతొమ్మిదేళ్ళ యువకుడికి విజ్ఞానశాస్త్రపు శక్తి ఎంతటిదో ఆ విధంగా ప్రత్యక్షంగా తెలిసివచ్చింది. అడవుల మీది మమకారం స్థానంలో శాస్త్రం మీది ఆసక్తి అంకురించింది.

స్వదేశానికి తిరిగివచ్చి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం అభ్యసించి 1949లో పట్టభద్రులయ్యారు. అక్కడ హంగేరీ దేశీయుడైన గణితాచార్యులు జార్జ్ పోల్యా బోధన ఆయన మీద చెరగని ముద్ర వేసింది. సాధారణంగా గణితోపాధ్యాయులు నిరూపణను పూర్తి రూపంలో నల్లబల్లపై వ్రాసి చూపుతారు. ఆ నిరూపణ మొదట ఎట్లా తట్టిందన్నది మాత్రం మరుగున పడిపోతుంది. పోల్యా ఆ మరుగున పడిన భాగాన్నే బోధించేవారు. కొత్త సమస్య ఎదురైనప్పుడు దానికి పోలికైన పాత సమస్యను తలచుకోవడం, కావలసిన ఫలితం నుండి వెనుకకు నడచిరావడం, పెద్ద సమస్యను చిన్నవిగా విడదీయడం వంటివి ఆయన చెప్పిన ఒడుపులు. ఒడుపు తప్పక ఫలిస్తుందన్న హామీ లేదు. కాని అనుభవజ్ఞుడి శ్రమను అది ఎంతగానో తగ్గిస్తుంది. ఈ భావం న్యూవెల్ మనసులో విత్తనంగా పడి, కొన్ని సంవత్సరాల తరువాత మొలకెత్తింది.

ఉన్నత గణితం చదవడానికి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో చేరిన న్యూవెల్ అక్కడ ఒక సంవత్సరానికి మించి నిలువలేదు. కేవల సిద్ధాంతం తన స్వభావానికి సరిపడదని, సిద్ధాంతమూ ప్రయోగమూ కలిసి సాగే పని తనకు కావాలని గ్రహించారు. 1950లో చదువు ఆపి, కాలిఫోర్నియాలోని సాంటామోనికాలో ఉన్న రాండ్ సంస్థలో ఉద్యోగంలో చేరారు.

అంకెల యంత్రం నుండి ఆలోచనా యంత్రానికి

రాండ్ సంస్థ ప్రధానంగా అమెరికా వైమానిక దళం కోసం పరిశోధనలు చేసేది. శత్రువిమానాల జాడ కనిపెట్టే కేంద్రాలలోని సిబ్బంది ఒత్తిడి సమయంలో కలసికట్టుగా ఎట్లా నిర్ణయాలు తీసుకొంటారో పరిశీలించడం న్యూవెల్ బృందానికి లభించిన పని. అందుకోసం వారు ప్రయోగశాలలో ఒక నమూనా కేంద్రాన్ని నిర్మించారు. అయితే రాడార్ తెరపై కదలే విమానాలను తలపించే చిత్రాలు నిమిషనిమిషానికీ కావాలి. వాటిని చేతితో గీయడం అసాధ్యం. రాండ్‌లోని ప్రోగ్రామర్ క్లిఫ్ షా సహాయంతో న్యూవెల్ ఒక గణనయంత్రం చేత ఆ పటాలను అచ్చు వేయించారు.

చూడడానికి ఇది చిన్న ఉపాయమే. కాని అందులో ఒక పెద్ద సత్యం దాగి ఉంది. ఆ యంత్రం అచ్చువేసిన కాగితంపై ఉన్నవి లెక్కల జవాబులు కావు. ఆకాశంలో విమానాల స్థానాలను సూచించే గుర్తులు. కంప్యూటర్ అంటే అంకెలను కూడి తీసివేసే పరికరమని లోకం భావిస్తున్న రోజులవి. అది ఏ సంకేతాన్నయినా స్వీకరించి, నియమానుసారం మార్చి, మరొక సంకేతంగా అందించగలదని న్యూవెల్‌కు అప్పుడే స్ఫురించింది. మనిషి ఆలోచన కూడా సంకేతాల మీద జరిగే పనియే కదా అన్న భావన ఆ వెంటనే కలిగే అవకాశం ఏర్పడింది.

1952లో రాండ్ సంస్థకు సలహాదారుగా హెర్బర్ట్ సైమన్ వచ్చారు. పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో ఆయన ఆచార్యులు. సంస్థలలో మనుషులు నిర్ణయాలు ఎట్లా తీసుకొంటారన్నది ఆయన అధ్యయనం. తరువాతి కాలంలో, 1978లో, అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిని అందుకొన్నది ఆయనే. సైమన్ న్యూవెల్ కంటే పదకొండేళ్ళు పెద్ద. అయినా మొదటి సమావేశంలోనే ఇరువురి ఆలోచనలు ఒకే బాటలో నడుస్తున్నట్లు పరస్పరం గుర్తించారు. ఆ మైత్రి నలభై సంవత్సరాలు కొనసాగింది. శాస్త్ర చరిత్రలో అంత దీర్ఘమైన, ఫలవంతమైన సహకారం అరుదు.

1954లో ఆలివర్ సెల్‌ఫ్రిడ్జ్ అనే శాస్త్రజ్ఞుడు రాండ్‌కు వచ్చి, అక్షరాలను, సరళమైన ఆకృతులను గుర్తించే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను గురించి ఉపన్యసించారు. ఆ ఉపన్యాసం న్యూవెల్ జీవితాన్ని మలుపు తిప్పింది. చిన్న చిన్న ప్రక్రియలు కొన్ని కలసి పనిచేస్తే బుద్ధితో కూడిన ప్రవర్తన పుట్టగలదని ఆయనకు ఒక్కసారిగా నమ్మకం కుదిరింది. వెంటనే చదరంగం ఆడే యంత్రాన్ని గురించి ఒక పరిశోధన వ్యాసం రచించారు. సైమన్‌తో కలసి పనిచేయడానికి 1955లో పిట్స్‌బర్గ్‌కు తరలివెళ్ళారు. ఆనాటి నుండి ఆయన అన్వేషణ ఒక్కటే: భౌతిక పదార్థంతో నిండిన ఈ ప్రపంచంలో మనసు అనేది ఎట్లా సాధ్యమైంది?

లాజిక్ థీరిస్ట్

చదరంగం కంటే ముందుగా న్యూవెల్, సైమన్, షా త్రయం తర్కశాస్త్రాన్ని ఎన్నుకొన్నారు. వైట్‌హెడ్, రస్సెల్ అనే బ్రిటిష్ పండితులు రచించిన ప్రిన్సిపియా మేథమాటికా గ్రంథంలో గణితపు పునాదులు తర్కసూత్రాల రూపంలో ఉన్నాయి. ఆ సూత్రాలకు నిరూపణలు కనుగొనే ప్రోగ్రామ్‌ను తయారుచేయాలని వారు సంకల్పించారు. దానికి లాజిక్ థీరిస్ట్, అనగా తర్కసిద్ధాంతి, అని పేరు పెట్టారు.

సాధ్యమైన దారులన్నింటిని వరుసగా పరీక్షిస్తూ పోతే ఎంత వేగవంతమైన యంత్రానికైనా అంతులేని కాలం పడుతుంది. కాబట్టి పోల్యా చెప్పిన ఒడుపులు ఇక్కడ అక్కరకు వచ్చాయి. ఆ ప్రోగ్రామ్ నిరూపించవలసిన సూత్రం నుండి వెనుకకు నడుస్తూ, ముందే తెలిసిన సూత్రాలలో దేనితో దానికి పోలిక ఉందో చూస్తూ, ఆశాజనకమైన దారులనే అనుసరించేది. 1955 డిసెంబరు నాటికి దాని రూపురేఖలు సిద్ధమయ్యాయి కాని ఆ ప్రోగ్రామ్ ఇంకా కంప్యూటర్ పైకి ఎక్కలేదు. సైమన్ తన భార్యను, ముగ్గురు పిల్లలను, కొందరు విద్యార్థులను ఒకచోట చేర్చి, ఒక్కొక్కరి చేతికి ప్రోగ్రామ్‌లోని ఒక్కొక్క భాగాన్ని వ్రాసిన కార్డులు ఇచ్చారు. ఆ మనుషులే యంత్రభాగాలై, ఎవరి కార్డులోని ఆదేశాన్ని వారు యథాతథంగా పాటించగా నిరూపణ వెలువడింది. ఏ ఒక్కరూ మొత్తం సమస్యను ఆలోచించనవసరం లేకుండానే సమస్య పరిష్కారమయింది. మనసు రహస్యం ఈ దిశలోనే ఉండవచ్చునని ఆ పరిశోధకులకు ధైర్యం కలిగింది.

1956 ఆగస్టులో రాండ్ సంస్థలోని జానియాక్ అనే కంప్యూటర్‌పై లాజిక్ థీరిస్ట్ తన తొలి నిరూపణను పూర్తిచేసింది. క్రమంగా ఆ గ్రంథపు రెండో అధ్యాయంలోని మొదటి 52 సూత్రాలలో 38 సూత్రాలను నిరూపించింది. వాటిలో ఒక నిరూపణ మూలగ్రంథంలోని దానికంటె క్లుప్తంగా, సొగసుగా ఉంది. ఆ విషయం తెలిసి వృద్ధుడైన రస్సెల్ సంతోషించారు. ప్రోగ్రామ్‌ను కూడా ఒక రచయితగా పేర్కొంటూ పంపిన వ్యాసాన్ని మాత్రం తర్కశాస్త్ర పత్రిక ప్రచురించడానికి అంగీకరించలేదు.

అదే సంవత్సరం వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ మొదలైనవారు ఏర్పాటు చేసిన సదస్సులో కృత్రిమ మేధస్సు అనే పేరు స్థిరపడింది. ఆ పేరు న్యూవెల్, సైమన్‌లకు అంతగా రుచించలేదు. అయినా ఆ సదస్సుకు నిజంగా పనిచేసే ప్రోగ్రామ్‌తో వచ్చినవారు వారిద్దరే.

ఈ ప్రయత్నంలో పుట్టిన మరొక సాధనం ఐ.పి.ఎల్. అనే ప్రోగ్రామింగ్ భాష. అప్పటి కంప్యూటర్లలో ఏ సమాచారానికి ఎంత చోటు కావాలో ముందే నిర్ణయించి కేటాయించవలసి వచ్చేది. ఆలోచన ఎంతదూరం సాగుతుందో ముందుగా ఎవరు చెప్పగలరు? అందుచేత ఒక్కొక్క గదిలో సమాచారంతోపాటు తరువాతి గది చిరునామాను కూడా ఉంచే పద్ధతిని న్యూవెల్ బృందం రూపొందించింది. దారంతో పూలను గ్రుచ్చినట్లు, అవసరమైనచోట కొత్త గదిని చేర్చవచ్చు, అక్కరలేనిదానిని తొలగించవచ్చు. నేడు కంప్యూటర్ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థి మొదటి సంవత్సరాలలోనే నేర్చుకొనే లింక్‌డ్ లిస్ట్‌కు మూలం ఇదే.

మనిషిని అర్థం చేసుకోవడమే లక్ష్యం

కొద్దికాలంలోనే ఈ కృషికి ఒక విమర్శ ఎదురయింది. హావో వాంగ్ అనే తర్కశాస్త్రజ్ఞుడు వేరొక పద్ధతిలో ప్రోగ్రామ్ వ్రాసి, అదే గ్రంథంలోని రెండు వందలకు పైగా సూత్రాలను కొద్ది నిమిషాలలోనే నిరూపించి చూపారు. లాజిక్ థీరిస్ట్ ఆ వేగం ముందు వెలవెలపోయింది. అయితే న్యూవెల్ బృందం లక్ష్యం వేగం కాదు. మనిషి తడుముకొంటూ, పొరపడుతూ, మళ్ళీ సర్దుకొంటూ నిరూపణను ఎట్లా కనుగొంటాడో తెలుసుకోవడమే వారికి కావలసినది. ఈ భేదాన్ని గుర్తించకపోతే న్యూవెల్ జీవితకృషి మనకు అర్థం కాదు.

1957లో న్యూవెల్ కార్నెగీ సంస్థ నుండి డాక్టరేట్ పట్టం పొందారు. ఆ కాలంలోనే ముగ్గురు మిత్రులు కలసి జనరల్ ప్రాబ్లమ్ సాల్వర్, అనగా సర్వసమస్యా పరిష్కర్త, అనే ప్రోగ్రామ్‌ను ఆరంభించారు. దీని కీలకం చాలా సరళం. ఇప్పుడున్న స్థితికి, చేరవలసిన స్థితికి మధ్య భేదం ఏమిటో గుర్తించాలి. ఆ భేదాన్ని తగ్గించే సాధనాన్ని వెదకాలి. ఆ సాధనం చేతిలో లేకపోతే దానిని సంపాదించడమే కొత్త లక్ష్యంగా పెట్టుకోవాలి. దూరపు పట్టణంలో పరీక్ష వ్రాయవలసిన విద్యార్థి సంగతే చూడండి. అతడికి, పరీక్షా కేంద్రానికి మధ్యనున్న భేదం దూరం. దూరాన్ని తగ్గించే సాధనం రైలు. రైలెక్కడానికి టికెట్టు కావాలి. టికెట్టుకు డబ్బు కావాలి. కనుక అతడు మొదట తండ్రిని డబ్బు అడుగుతాడు. నిత్యజీవితంలో మనకు తెలియకుండానే చేసే ఈ ఆలోచనను యంత్రానికి నేర్పే పద్ధతిని న్యూవెల్ బృందం స్పష్టమైన నియమాలుగా నిర్వచించింది.

యంత్రం చేస్తున్నది మనిషి చేసేదానిని పోలి ఉన్నదా అని తేల్చడానికి వారు మనుషులనే పరీక్షించారు. సమస్యను పరిష్కరిస్తూ మనసులోని ఆలోచనలను పైకి చెప్పమని కోరేవారు. ఆ మాటలను ధ్వనిముద్రణ చేసి, వాక్యం వెంట వాక్యం విశ్లేషించేవారు. వారు ఉపయోగించిన ఒక చిక్కుప్రశ్న ప్రసిద్ధమైనది. డొనాల్డ్, జెరాల్డ్ అనే ఆంగ్ల పేర్లను కూడితే రాబర్ట్ అనే పేరు రావాలి. ఒక్కొక్క ఆంగ్లాక్షరం ఒక్కొక్క అంకెకు సంకేతం. డి అనే అక్షరం 5 అని మాత్రం ముందే చెబుతారు. రెండు పేర్లూ డితో ముగుస్తాయి కనుక 5, 5 కలిపితే 10. కాబట్టి రాబర్ట్ చివరనున్న టి విలువ సున్నా. 1 పక్క స్థానానికి పోతుంది. అక్కడ రెండు ఎల్ అక్షరాలకు ఆ 1 చేరుతుంది కనుక ఆర్ బేసి సంఖ్య కావాలి. ఈ విధంగా ముందుకు సాగితే 526485, 197485 కలసి 723970 అవుతుందని తేలుతుంది. ఈ దారిలో మనిషి ఎక్కడ ఆగాడు, ఏది మరచాడు, ఎక్కడ వెనుకకు మళ్ళాడు అన్నవన్నీ న్యూవెల్‌కు విలువైన సాక్ష్యాలు. ఇటువంటి అధ్యయనాల ఫలంగా 1972లో న్యూవెల్, సైమన్‌లు హ్యూమన్ ప్రాబ్లమ్ సాల్వింగ్ అనే బృహద్గ్రంథాన్ని వెలువరించారు. మనస్తత్వశాస్త్రం తీరుతెన్నులను మార్చిన గ్రంథాలలో అది ఒకటి.

అయితే తొలినాళ్ళ ఉత్సాహం వారిని అతివిశ్వాసానికి కూడా గురిచేసింది. 1958లో ప్రచురించిన ఒక వ్యాసంలో పది సంవత్సరాలలోపల కంప్యూటర్ ప్రపంచ చదరంగ విజేత కాగలదని సైమన్, న్యూవెల్‌లు జోస్యం చెప్పారు. పది కాదు, దాదాపు నలభై సంవత్సరాలు పట్టింది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. ఆ యంత్రానికి పూర్వరూపాలు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల చేతిలోనే రూపొందడం విశేషం. కాని అది గెలిచింది ప్రధానంగా సెకనుకు కోట్లాది స్థితులను పరిశీలించే వేగం వల్ల. మనిషివలె ఆలోచించడం వల్ల కాదు. న్యూవెల్ అడిగిన ప్రశ్న ఆ గెలుపుతో తీరలేదు.

ఆచార్య పదవి – తెలుగు బిడ్డతో సాహచర్యం

1961లో న్యూవెల్ రాండ్ సంస్థను విడిచి కార్నెగీ సంస్థలో పూర్తికాలపు ఆచార్యులయ్యారు. 1965లో అక్కడ కంప్యూటర్ శాస్త్ర విభాగం ఏర్పడటంలో ఆయన, సైమన్, అలన్ పెర్లిస్ ముఖ్యపాత్ర వహించారు. 1967లో ఆ సంస్థ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంగా మారింది. ఆ విభాగం ప్రపంచంలోని అగ్రశ్రేణి కేంద్రాలలో ఒకటిగా ఎదగడం వెనుక న్యూవెల్ దీక్ష ఉంది. రాత్రులు మేల్కొని పనిచేయడం ఆయనకు అలవాటు.

ఆ విభాగంలో 1969లో చేరిన యువ ఆచార్యుడు మన తెలుగువాడు. నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో 1937లో జన్మించి, మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ వద్ద డాక్టరేట్ పొందిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి ఆయన. రాజ్ రెడ్డిగా లోకానికి సుపరిచితులు. మనిషి మాటను యంత్రం అర్థం చేసుకొనేట్లు చేయడం ఆయన పరిశోధన. అది సాధ్యమా అని చాలామంది సందేహిస్తున్న కాలంలో, 1971లో అమెరికా రక్షణ పరిశోధన విభాగం ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. దానికి అధ్యక్షులు న్యూవెల్. అయిదేళ్ళలో వెయ్యి పదాలను గుర్తించగల యంత్రవ్యవస్థను నిర్మించాలని, దాని పనితీరును ఏ కొలమానాలతో పరీక్షించాలో కూడా ఆ బృందం ముందుగానే నిర్దేశించింది. 1976లో రాజ్ రెడ్డి బృందం నిర్మించిన హార్పీ అనే వ్యవస్థ 1011 పదాలతో ఆ లక్ష్యాన్ని అందుకొంది. నేడు చేతిఫోనుతో మాట్లాడి సమాధానం రాబట్టే ప్రతి ఒక్కరూ ఆ కృషికి కొంత ఋణపడి ఉన్నారు. తరువాత రాజ్ రెడ్డి 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని అందుకొన్నారు. న్యూవెల్, సైమన్‌లకు అదే పురస్కారం 1975లో ఉమ్మడిగా లభించింది.

పక్కదారులు కూడా ఒకే గమ్యానికి

న్యూవెల్ కృషి అనేక రంగాలకు విస్తరించింది. గోర్డన్ బెల్‌తో కలసి 1971లో కంప్యూటర్ నిర్మాణాలపై ప్రామాణిక గ్రంథం ప్రచురించారు. 'ఇట్లా ఉంటే అట్లా చేయి' అన్న రూపంలో ఉండే నియమాల సముదాయంతో మనసు పనితీరును వర్ణించే పద్ధతిని ప్రోత్సహించారు. ఆ పద్ధతి ఆధారంగా కార్నెగీ మెలన్‌లో జాన్ మెక్‌డెర్మాట్ రూపొందించిన ప్రోగ్రామ్ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో కొనుగోలుదారులకు తగిన కంప్యూటర్ భాగాలను ఎంపిక చేసి అమర్చడానికి ఉపయోగపడింది.

జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలోని స్టువర్ట్ కార్డ్, థామస్ మొరాన్‌లతో కలసి మనిషి, కంప్యూటర్ పరస్పరం వ్యవహరించే తీరును అధ్యయనం చేశారు. నేర్పరి అయిన వ్యక్తి ఒక మీట నొక్కడానికి సెకనులో అయిదోవంతు, తెరమీది గుర్తును మౌస్‌తో చూపడానికి సుమారు 1.1 సెకను, తరువాత ఏమి చేయాలో తలచుకోవడానికి సుమారు 1.35 సెకను పడుతుందని వారు లెక్కగట్టారు. ఈ అంకెల సాయంతో, యంత్రాన్ని నిర్మించకముందే దానిమీద ఒక పని చేయడానికి ఎంత సమయం పడుతుందో అంచనా వేయవచ్చు. 1983లో వెలువడిన వారి గ్రంథం ఒక కొత్త శాస్త్రశాఖకు ఆధారమయింది.

ఇవన్నీ పక్కదారులని న్యూవెల్ స్వయంగా ఒప్పుకొనేవారు. 1991 డిసెంబరులో విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ఉపన్యాసంలో తన జీవితంలోని ప్రధాన లక్ష్యాన్ని, దాని నుండి తనను మళ్ళించిన పనులను ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టారు. మళ్ళింపులు ఎవరికైనా తప్పవు. అయితే మళ్ళిన ప్రతిసారీ అక్కడ నేర్చినదానిని అసలు ప్రశ్నకు ఉపయోగించుకోవడం ఆయన ప్రత్యేకత.

ఏకీకృత సిద్ధాంతం

1973లోనే న్యూవెల్ మనస్తత్వశాస్త్రజ్ఞులను మందలిస్తూ ఒక వ్యాసం వ్రాశారు. ప్రకృతిని అవునా కాదా అన్న చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతూ పోతే ప్రయోగాలు గుట్టలుగా పెరుగుతాయే కాని మనసు స్వరూపం తెలియదని ఆయన హెచ్చరించారు. జ్ఞాపకానికి ఒక సిద్ధాంతం, భాషకు ఒక సిద్ధాంతం, నేర్చుకోవడానికి మరొకటి చాలవు. ఇవన్నీ చేసేది ఒకే మనసు. కాబట్టి వీటన్నింటిని వివరించే ఒకే సిద్ధాంతం కావాలని ఆయన పట్టుపట్టారు.

ఇతరులకు చెప్పి ఊరుకోలేదు. తన శిష్యులు జాన్ లెయర్డ్, పాల్ రోజెన్‌బ్లూమ్‌లతో కలసి 1980వ దశకం ప్రారంభంలో సోర్ అనే వ్యవస్థను నిర్మించారు. పని చేస్తూ దారి మూసుకుపోయినప్పుడు అది ఆగిపోదు. ఆ అడ్డంకిని తొలగించుకోవడాన్నే ఉపలక్ష్యంగా స్వీకరిస్తుంది. పరిష్కారం దొరికిన తరువాత దానిని కొత్త నియమంగా భద్రపరచుకొంటుంది. మరొకసారి అదే పరిస్థితి వస్తే ఆలోచించనవసరం లేకుండా వెంటనే పని జరిగిపోతుంది. సైకిలు నేర్చుకొనే పిల్లవాడు మొదట తడబడి, తరువాత అలవోకగా తొక్కడం వంటిదే ఇది. 1987లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఈ విషయమై ఆయన చేసిన ఉపన్యాసాలు 1990లో యూనిఫైడ్ థీరీస్ ఆఫ్ కాగ్నిషన్ అనే గ్రంథంగా వెలువడ్డాయి. తన సిద్ధాంతమే తుదిమాట అని ఆయన చెప్పలేదు. గ్రంథం పేరులోనే సిద్ధాంతాలు అని బహువచనం వాడారు. ఇటువంటివి మరికొన్ని రావాలని, అవి పోటీపడాలని, తప్పులు బయటపడినప్పుడు సిద్ధాంతాన్ని పారవేయక సవరించుకొంటూ పోవాలని ఆశించారు.

అస్తమయం – ఆయన మిగిల్చినది

1979లో ఏర్పడిన అమెరికా కృత్రిమ మేధస్సు సంఘానికి తొలి అధ్యక్షులుగా ఎన్నిక కావడం మొదలు, 1992లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం వరకు అనేక గౌరవాలు న్యూవెల్‌ను వరించాయి. క్యాన్సర్ వ్యాధితో బాధపడుతూ, 1992 జూలై 19న పిట్స్‌బర్గ్‌లో 65వ ఏట ఆయన కన్నుమూశారు.

ఆయన మరణానంతరం కృత్రిమ మేధస్సు వేరొక బాటలో వేగం పుంజుకొంది. మెదడులోని నాడీకణాల అల్లికను తలపించే న్యూరల్ నెట్‌వర్క్‌లు నేడు ఈ రంగంలో రాజ్యమేలుతున్నాయి. ఆ మార్గానికి మూలపురుషులలో ఒకరైన జెఫ్రీ హింటన్ 1980వ దశకంలో కొన్నేళ్ళు న్యూవెల్ విభాగంలోనే ఆచార్యులుగా ఉన్నారు. 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందారు. సంకేతాలను, నియమాలను నమ్ముకొన్న న్యూవెల్ మార్గం ఓడిపోయిందని భావించేవారు లేకపోలేదు. కాని ఆలోచించి చూస్తే ఆయన ప్రశ్న ఇప్పుడు మరింత పదునెక్కింది. నేటి యంత్రాలు వ్యాసాలు వ్రాస్తున్నాయి, లెక్కలు చేస్తున్నాయి, మాటకు మాట చెబుతున్నాయి. ఆ సమాధానానికి అవి ఏ దారిన చేరాయో వాటిని నిర్మించినవారే పూర్తిగా వివరించలేకపోతున్నారు. పని జరిగితే చాలు అనుకొనేవారికి అది లోపంగా తోచదు. న్యూవెల్‌కు తోచేది. వాంగ్ ప్రోగ్రామ్ వేగాన్ని చూసి ఆయన తన దారి మార్చుకోకపోవడానికి కారణమూ అదే. సరైన జవాబు ఆయనకు ప్రయాణంలో ఒక మజిలీ మాత్రమే. ఆ జవాబు ఎట్లా పుట్టిందో తెలుసుకోవడమే గమ్యం.

జీవితంలో అనేక పనులు మనలను పిలుస్తాయి. వాటిలో కొన్ని లాభాన్నిస్తాయి, కొన్ని కీర్తినిస్తాయి. అన్నింటి మధ్య ఒక మంచి ప్రశ్నను ఎన్నుకొని, దానిని చివరివరకు విడువకుండా ఉండటం తేలిక కాదు. అటవీ రక్షకుడు కావాలనుకొన్న బాలుడు మనసు అనే మహారణ్యంలో దారులు వేస్తూ జీవితం గడిపాడు. ఆ దారులలో కొన్ని ఇప్పుడు రహదారులయ్యాయి, కొన్ని పూడిపోయాయి. అరణ్యం మాత్రం ఇంకా మిగిలే ఉంది. అందులో అడుగుపెట్టవలసినది నేటి విద్యార్థులే.